సైట్ విజిట్‌కి రెండు సీట్లు

ప్లాట్లు అమ్మేవాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వస్తే మీరేం చేస్తారు? నాకు తెలుసు. "ఇంట్రెస్ట్ లేదు" అని ముఖాన కొట్టినట్టు చెప్పి కట్ చేస్తారు. పైగా ఆ నంబరు బ్లాక్ చేసి, ఏదో కోట జయించినట్టు పక్కవాళ్లకు చెప్పుకుంటారు.

తప్పు! మహాపరాధం! ఈ దేశంలో సామాన్యుడికి మిగిలిన ఒకే ఒక్క రాజభోగాన్ని మీరు కాలదన్నుకుంటున్నారు. దాని పేరు ఉచిత సైట్ విజిట్.

కాస్త ఆలోచించండి. ఉద్యోగం కోసం కొత్త ఊరికి మారుతున్నారు. ఏ పేట ఎలాంటిదో, ఏ సందులో నీళ్లొస్తాయో, బడి ఎక్కడుందో తెలుసుకోవాలి. అందుకోసం ఎండలో పడి తిరుగుతారా? ఆటోవాడితో గొడవపడతారా? ఎందుకండీ ఈ పాట్లు! ఒక్క ఫోన్ ఎత్తండి చాలు. మీరున్న చోటికి ఏసీ కారొస్తుంది. చల్లటి నీళ్ల సీసా చేతికిస్తారు. దారి పొడవునా 'సార్' అంటారు. మధ్యాహ్నం బిర్యానీ పెట్టి, ఇంకొంచెం వేసుకోండి అని బతిమాలతారు. నా పెళ్లిలో కూడా నన్నెవరూ అంతగా బతిమాలలేదు.

నేను ఇరవై రెండేళ్లుగా పత్రికల్లో రాస్తూ సమాజాన్ని ఉద్ధరిస్తున్నవాణ్ని. సమాజం ఇంకా బాగుపడలేదంటే ఆ తప్పు సమాజానిదే. కాబట్టి ఈ విషయంలో కూడా నా మాట వినండి.

మాది తణుకు. రాతలతో కడుపు నిండదు కనుక ఒక మందుల పంపిణీ కంపెనీలో స్టాకు చూస్తుంటాను. మొన్న మార్చిలో మా కంపెనీ పెద్దలకు జ్ఞానోదయమైంది. గోడౌన్ మొత్తాన్ని ఎత్తి శంషాబాద్‌లో, ఎయిర్‌పోర్టుకు దగ్గరగా పెట్టారు. దగ్గు మందు సీసాలతో పాటు నన్ను కూడా పంపారు.

మా ఆవిడ శిరీష బస్సెక్కించే ముందు మూడు షరతులు పెట్టింది. కుళాయిలో నీళ్లు రావాలి. మా అమ్మాయి నడిచి వెళ్లేంత దూరంలో బడి ఉండాలి. పిల్లకు ఆయాసం వస్తుంటుంది కాబట్టి పిలిస్తే పలికేంత దగ్గర్లో డాక్టరుండాలి. "జూన్ పన్నెండున బళ్లు తెరుస్తారు. ఆలోపు ఇలాంటి ఇల్లు చూశారా, మేమొస్తాం. చూడలేదా, పిల్లని ఇక్కడే ఆరో తరగతిలో వేసేస్తాను. మీరక్కడ, మేమిక్కడ. ఏడాది దాకా కదిలేది లేదు" అంది. ఆవిడ మాటంటే మాటే. పదమూడేళ్లుగా చూస్తున్నాను కదా.

శంషాబాద్‌లో దిగి, క్యాబ్ డ్రైవర్లుండే ఒక హాస్టల్లో మంచం సంపాదించి, అద్దె ఇంటి కోసం బయల్దేరాను. అక్కడే తెలిసింది నా అజ్ఞానం. శంషాబాద్‌లో అద్దె అనేది బూతు మాట! పెద్దమనుషుల ముందు అనకూడదు.

సెలూన్‌లో గడ్డం గీయించుకుంటూ ఒక చెంప పూర్తయ్యాక నోరు జారాను. ఇక్కడ అద్దె ఇళ్లేమైనా ఉన్నాయా అని అడిగాను. అతను కత్తి పక్కన పెట్టి, సొరుగులోంచి రంగురంగుల కాగితం తీశాడు.

"కిరాయికెందుకన్నా? రెండొందల గజాలు తీస్కో. నువ్వే ఓనరైతవ్ గదా!"

రెండో చెంప పూర్తయ్యేసరికి నాకు నాలుగు లేఅవుట్లు కంఠతా వచ్చేశాయి. టీ కొట్టులో అడిగితే టీ కన్నా ముందు విజిటింగ్ కార్డు వచ్చింది. పంటి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లాను. నా నోరు తెరిపించి, లోపల అద్దం పెట్టి, ఈస్ట్ ఫేసింగ్ కావాలా వెస్ట్ ఫేసింగా అని అడిగాడు. నోరు తెరిచి ఉన్నవాడు ఏ ఫేసింగని చెప్తాడు? "ఆ ఆ" అన్నాను. ఈస్ట్ అని రాసుకున్నాడు.

అలా నా నంబరు ఊరంతా పాకింది. రోజుకు పదిహేను ఫోన్లు. అందరూ సీనియర్ వైస్ ప్రెసిడెంట్లే! ప్రెసిడెంటు ఎక్కడుంటాడో ఇంతవరకూ నాకు తెలియలేదు. ఆ పదిహేను మందిలో ఒకడు వీరేందర్. ముప్పై ఏళ్లుంటాయి. తెల్ల చొక్కా, మెళ్లో టై. శంషాబాద్ పక్కనే సాతంరాయిలో పుట్టి పెరిగాడు. కొన్న కొత్తలో ఎలా ఉందో ఆ టై ముడి ఇప్పటికీ అలాగే ఉంది. విప్పితే మళ్లీ కట్టడం రాదట.

"సార్, మీరు కొనకండి. జస్ట్ వచ్చి చూడండి. ఏరియా తెలుస్తది" అన్నాడు.

ఏరియా తెలుస్తుంది! నాక్కావలసింది అదే కదా! ఆహా, దేవుడు టై కట్టుకుని వచ్చాడనుకున్నాను.

మొదటి ఆదివారం కారెక్కాను. శంషాబాద్ దాటింది. గంటసేపు పోయింది. షాద్‌నగర్ కూడా దాటింది. "ఇది శంషాబాదేనా?" అని అడిగాను. "గ్రేటర్ శంషాబాద్ సార్" అన్నాడు. ఇంకో అరగంట పోతే కర్నూలువాళ్లు మాకు ఎదురొచ్చి మర్యాదలు చేసేవాళ్లు. ఎయిర్‌పోర్టు ఇక్కడికి ఎంత దూరమని అడిగితే పది నిమిషాలన్నాడు. విమానంలోనా అని అడిగాను. "రోడ్డు పడితే సార్" అన్నాడు, ఏ మాత్రం తడబడకుండా.

ఆ వెంచరుకు నలభై అడుగుల ఆర్చి ఉంది. ఆర్చి మీద నాలుగు గుర్రాలు, రెండు ఏనుగులు. ఆర్చి దాటితే హద్దు రాళ్లు. ఆ రాళ్లు దాటితే ఇంకొన్ని హద్దు రాళ్లు. మనిషన్నవాడు లేడు. ఇంత ప్రశాంతమైన పేట మీ ఊళ్లో ఉందా? పక్కింటి టీవీ గోల లేదు. చెత్త ఎవరు పోశారనే తగువు లేదు. పొరుగువాడే లేకపోతే పొరుగుపోరు ఎక్కడిది చెప్పండి!

"బడి ఎక్కడ?" అన్నాను. ఒక బోర్డు చూపించాడు. 'ప్రతిపాదిత ఇంటర్నేషనల్ స్కూల్.' మా అమ్మాయి ఆరో తరగతికి వస్తోంది. ఆ స్కూలు గోడలు లేచేసరికి మా అమ్మాయి పిల్లలు ఆరో తరగతికి వస్తారు.

"డాక్టరు?" అన్నాను. "మల్టీ స్పెషాలిటీ వస్తుంది సార్. అదిగో, ఆ రాయి నుంచి ఈ రాయి దాకా." "మా పిల్లకు ఆయాసం వస్తుందయ్యా, అదంతా కట్టేదాకా ఆగుతుందా?" అన్నాను. "ఇన్వెస్ట్‌మెంట్ అన్నాక కొంచెం ఓపిక పట్టాలి సార్" అన్నాడు. ఎంత చక్కటి సలహా! ఏ డాక్టరైనా ఇంత ధైర్యం చెప్పగలడా?

పైన విమానం పోయినప్పుడల్లా వీరేందర్ మాట ఆపి, ఆకాశం వైపు చెయ్యి చూపి, అది తనే పంపినట్టు నిలబడేవాడు. శబ్దం తగ్గాక "కనెక్టివిటీ" అనేవాడు.

ఇలా ఏప్రిల్, మే నెలల్లో ఏడు పేటలు చూశాను. అన్నీ విదేశాలే. శంషాబాద్ చుట్టుపక్కల తెలుగు పేరున్న లేఅవుటు కనబడితే నాకు ఉత్తరం రాయండి, దండం పెట్టుకుంటాను. ఏడింటిలో ఎక్కడా కుళాయి లేదు. కానీ ప్రతి చోటా ఫౌంటెన్ ఉంది. నీళ్లొచ్చాక తిప్పుతారట.

మే చివరి వారంలో వీరేందర్ ఫోన్ చేసి కొత్త చిక్కు చెప్పాడు. "ఇగ నుంచి సింగిల్‌గా వస్తే కంపెనీ ఒప్పుకోదు సార్. ఫ్యామిలీతోటి రావాలె. మగాయన ఒక్కడొస్తే అన్నీ మంచిగున్నయంటడు. ఇంటికి పోయినంక మేడం వద్దంటది. మా కారు దండుగ, మా బిర్యానీ దండుగ."

ఇది మాత్రం అనుభవజ్ఞుల మాట. ఒప్పుకున్నాను. మా ఆవిడ తణుకులో ఉందని చెప్పాను.

"పర్వాలేదు సార్. ఒక అమ్మ ఉన్నది. ఆమె గూడ సింగిలే. మీ ఇద్దర్ని తల్లీ కొడుకులని రాస్త. నాకు ఐతారం మూడు ఫ్యామిలీలు చూపియ్యాలె. రెండే అయినయ్."

చూశారా ఈ ఏర్పాటు గొప్పతనం! ఏ పెళ్లిళ్ల పేరయ్యకైనా చేతనవుతుందా? ఆదివారం ఉదయం తొమ్మిదింటికి నాకు తల్లి దొరికింది. పేరు తారాబాయి. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. ఉతికి మడత పెట్టిన నేత చీర, చేతిలో ఒక స్టీలు టిఫిన్ డబ్బా. నన్ను ఎగాదిగా చూసి, "ఇంత సన్నగున్నవేంది కొడుకా, నీ పెండ్లాం బువ్వ పెడ్తలేదా?" అంది. పరిచయమైన అర నిమిషంలో ఇంత హక్కుగా మాట్లాడిందంటే నిజంగా తల్లేనేమోనని నాకే అనుమానం వచ్చింది.

ఆ రోజు వెంచరు పేరు వెనిస్ రన్‌వే. వెనిస్‌లో ఎటు చూసినా నీళ్లుంటాయట. ఇక్కడ ట్యాంకరు వచ్చిన రోజుంటాయి. గేటు దగ్గర సెక్యూరిటీ అతను కారును చూసి సెల్యూట్ కొట్టాడు. తారాబాయి అద్దంలోంచి అతన్నే చూస్తూ కూర్చుంది. ఆర్చి కింద మా ఇద్దరినీ నిలబెట్టి 'హ్యాపీ ఫ్యామిలీ' అని ఫోటో తీశారు. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

క్లబ్‌హౌస్ వచ్చే చోటు, జిమ్ వచ్చే చోటు, నా వయసువాళ్లు జాగింగ్ చేసే చోటు చూపిస్తున్నారు. తారాబాయి నా చెవిలో గొణుగుతోంది. "గాడ బండ ఉన్నది, బోరు పడది." "గీ జాగల వానొస్తె మోకాల్లోతు నీళ్లు నిలుస్తయ్." నేను ముక్కున వేలేసుకున్నాను. మందుల స్టాకు గురించి నాక్కూడా ఇంత తెలీదు. కొనడానికి వచ్చిన మనిషికి ఇవన్నీ ఎలా తెలుసు?

భోజనాల దగ్గర ఆమె బిర్యానీ తీసుకోలేదు. పళ్లెంలో డబల్ కా మీఠా మాత్రం పెట్టించుకుని, అందరూ తింటుంటే పక్కకు తప్పుకుంది. ఆమె పళ్లెం పట్టుకుని ఎండలో ఎక్కడికి పోతోందా అని నేనూ వెనకే వెళ్లాను. తల్లి కదా!

ఒక మూల కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దానికి వీపు ఆనించి నిలబడి, తూర్పు వైపు ఒక్కో అడుగే లెక్కపెట్టుకుంటూ ఏడడుగులు నడిచింది. చెప్పులు విడిచింది. చదును చేసిన ఎర్రమట్టి మీద పళ్లెం పెట్టి కూర్చుంది. అక్కడ బోర్డేమీ లేదు. రాయి కూడా లేదు.

"ఏందట్ల చూస్తున్నవ్?" అంది నన్ను చూసి. "మా ఆయన గీడ్నే ఉన్నడు. ఈశ్వరయ్య. పన్నెండేండ్లాయె. తీపంటే పానమిడుస్తుండె."

నేనూ చెప్పులు విడిచి కూర్చున్నాను. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, సలహా ఇవ్వకుండా విన్నాను.

ఆమె చెప్పింది ఇదీ. అది వాళ్ల పొలమే, మూడెకరాలు. ఇక్కడి రైతు కుటుంబాల్లో చాలామంది తమవాళ్లను సొంత చెలకలోనే పూడ్చిపెట్టుకుంటారు. ఈశ్వరయ్యనూ అక్కడే పెట్టి, నాలుగు ఇటుకలతో గద్దె కట్టించారు. తర్వాత నాలుగు దిక్కులా పక్కవాళ్లు అమ్మేశారు. "మధ్యల మాదొక్కటే మిగిలె. బండి పోనీకి తొవ్వ లేకపాయె. నాగలి యాడికెళ్లి తీస్కపోవాలె? ఇగ అమ్మినం. గద్దె జోలికి రాము, నువ్వొచ్చి దీపం పెట్టుకో అన్నరు. నోటిమాటనే. కాయితం మీద రాయలే." గద్దె ఆరు నెలలకే పోయింది. ప్రహరీ లేచింది. గేటు పడింది. నడిచి వస్తే లోపలికి రానివ్వరు. లోపల ప్లాటున్నవాళ్లకూ, ప్లాటు కొనబోయేవాళ్లకూ మాత్రమే ప్రవేశం. "దవాఖానలున్నోన్నన్న పోయి చూసొస్తరు గదా! మట్టిలున్నోన్ని చూడనీకి నాకు దారి లేదు."

అప్పుడు వీరేందర్‌ దగ్గర్నుంచి ఫోన్ వచ్చిందట. రోజూ అందరికీ వచ్చినట్టే ఆమెకూ వచ్చింది. "అమ్మా, మీరు కొనకండి, జస్ట్ వచ్చి చూడండి" అన్నాడట. ఆమె చూడ్డానికే వచ్చింది. ఆ రోజు గేటు అదంతట అదే తెరుచుకుంది. నడిచొస్తే కర్ర ఊపిన సెక్యూరిటీయే సెల్యూట్ కొట్టాడు. అప్పట్నుంచి ఐతారం ఐతారం ఆమె ప్లాటు కొనబోయే మనిషే.

మళ్లీ అడుగుతున్నాను. ఫోన్ కట్ చేయడం తప్పా కాదా?

తిరిగి వస్తుంటే కారులో నా సంగతి అడిగింది. అద్దె ఇల్లు, మూడు షరతులు, జూన్ పన్నెండు, అంతా చెప్పాను.

"ఓ పిచ్చి కొడుకా! ప్లాట్లల్ల తిరుగుతె ఇల్లు దొరుకుతదా? సాతంరాయిల మా ఇంటి మీద రెండు రూములు ఖాళీగున్నయ్. బడి మూడిండ్లవతల. డాక్టరమ్మ మా సందులనే ఉంటది, పిలిస్తె చెప్పులేసుకోకుండ ఉరికొస్తది. నీళ్లకు పరేషాన్ లేదు."

"మరి బోర్డెందుకు పెట్టలేదు అమ్మా?" అన్నాను.

"బోర్డు పెడితె కిరాయికొచ్చేటోళ్లు రారు. కొనేటోళ్లొస్తరు."

కాళ్ల మీద పడదామనుకున్నాను. కారులో చోటు చాలలేదు. రెండు నెలలు ఏడు విదేశాలు తిరిగినా దొరకని పేట వెనక సీట్లో నా పక్కనే కూర్చుని ఉంది! కిరాయి ఎంతని అడిగితే ఆమె చెయ్యి ఊపింది. "గదంత తర్వాత. ఒక్క మాట ఇయ్యి. నా ముఖం గీళ్లకు ఎరుకైతున్నది. కొనదు, ఊకె వస్తదని అంటున్నరు. నువ్వు కొత్తోనివి, ఇంగ్లీషు మాట్లాడ్తవ్. ఐతారం ఐతారం నన్ను తోల్కరా. గంతే."

ఇంత చవకైన అడ్వాన్సు హైదరాబాద్ చరిత్రలో ఎవరైనా అడిగారా? మాటిచ్చాను. జూన్ పదిన శిరీష, పిల్ల వచ్చారు. మా ఆవిడ కుళాయి తిప్పి చూసింది. బడిదాకా నడిచి చూసింది. డాక్టరమ్మతో పావుగంట మాట్లాడి వచ్చింది. ఇల్లంతా తిరిగి ఒక్క వంక కూడా పెట్టలేకపోవడంతో కాస్త నిరాశపడింది కూడా. పన్నెండున అమ్మాయి బడికెళ్లింది. నేను గెలిచాను.

గెలిచినవాడు నోరు మూసుకుని ఉండాలి. నేను రచయితను కదా, ఎలా ఉంటాను!

ఆ పై ఆదివారం తారాబాయిని తీసుకుని మూడోసారి వెనిస్ వెళ్లాం. పళ్లెం, ట్రాన్స్‌ఫార్మర్, ఏడడుగులు, అంతా మామూలుగా జరిగింది. తిరిగి వచ్చేటప్పుడు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు. 'మా వెంచరుపై మీ విలువైన సలహాలు' అని ఉంది, కింద నాలుగు గీతలు. విలువైన సలహాలు! ఇరవై రెండేళ్లుగా అడక్కపోయినా ఇస్తున్నవాణ్ని, అడిగితే ఊరుకుంటానా? నాలుగు గీతలూ చాలక కాగితం వెనక్కి తిప్పాను.

"ఈ నేలకొక చరిత్ర ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు తూర్పున ఏడడుగుల దూరంలో ఈశ్వరయ్యగారనే రైతు సమాధి కలదు. తమ ఉదార సంస్థ అక్కడొక శిలాఫలకం ప్రతిష్ఠించి, ఆయన ధర్మపత్నికి శాశ్వత ప్రవేశ పత్రం ఇప్పించినచో సంస్థ కీర్తి ఇనుమడించగలదు." కింద సంతకం, బ్రాకెట్లో 'సుప్రసిద్ధ వ్యంగ్య రచయిత'. అంత బాగా వచ్చిందని ఫోటో కూడా తీసి శిరీషకు పంపాను.

"ఆవిణ్ని అడిగే రాశారా?" అని అడిగింది శిరీష. ఒక్కటే ప్రశ్న. ఫారం అప్పటికే ఇచ్చేశాను.

ఫారం హెడ్డాఫీసుకు వెళ్లింది. నా జీవితంలో ఇంత శ్రద్ధగా నన్ను చదివిన పాఠకుడు ఇంకొకడు లేడు. శిలాఫలకం కనబడలేదు వాళ్లకు. సమాధి అనే మాట కనబడింది. సమాధి ఉన్న లేఅవుటులో ప్లాటు ఎవడు కొంటాడు? ఎంత వాస్తు చూపిస్తే పోతుంది ఆ మాట? ఏడాదిగా రోడ్డు వేయడానికి సిమెంటు దొరకడం లేదన్న కంపెనీకి బుధవారం పొద్దున్నకల్లా రెండు లారీల సిమెంటు దొరికింది. శుక్రవారానికి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఆ చోటంతా టైల్సు పరిచారు. శనివారం బోర్డు పెట్టారు. 'మెడిటేషన్ జోన్.' చెప్పులు బయట విడవవలెనట!

ఆదివారం మా కారును గేటు దగ్గరే ఆపారు. సెక్యూరిటీ క్యాబిన్ గోడకు మా 'హ్యాపీ ఫ్యామిలీ' ఫోటో అంటించి ఉంది. నేను నవ్వుతూ ఉన్నాను అందులో. దాని కింద 'వీరిని అనుమతించరాదు' అని రాసి ఉంది.

తిరిగొచ్చే దారిలో అన్నీ చెప్పాను ఆమెకు. ఫారం సంగతి, నేను రాసిన సంగతి, సిమెంటు సంగతి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తిడుతుందనుకున్నాను. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందనుకున్నాను. అమ్మాయి బడి గుర్తొచ్చింది, డాక్టరమ్మ గుర్తొచ్చింది. తారాబాయి టిఫిన్ డబ్బా మూత తిప్పుతూ కూర్చుంది. ఆ డబ్బాలో ఆయన కోసం ఇంటి దగ్గర చేసిన పాయసం ఉంది.

"నాకెందుకు చెప్పలేదు కొడుకా, రాసేటప్పుడు?" అంది చివరికి. మూత గట్టిగా బిగించి, "పైన ఏమేస్తె ఏందిలే. కింద ఉన్నది మా ఆయననే గదా. బండ మీద పెడ్త" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఐతారం ఐతారం తోల్కపోతనని మాటిచ్చినవ్. ఎట్ల తోల్కపోతవో నాకు తెల్వది. తోల్కపో."

ఇంటికొచ్చి శిరీషకు చెప్పాను. తారాబాయి మమ్మల్ని ఇల్లు ఖాళీ చెయ్యమనలేదని ఊరట పడుతూ చెప్పాను. శిరీష నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. "ఆవిడ ఖాళీ చెయ్యమనదండీ. ఆ మాట మీద మనం ఈ ఇంట్లోకొచ్చాం. మాట పోయాక ఈ ఇంట్లో నేనెలా ఉంటాను? అది అద్దె ఇవ్వకుండా ఉండటం కంటే ఎక్కువ తప్పు" అంది. రెండు వారాల్లో దారి చూడకపోతే పిల్లని తీసుకుని తణుకు వెళ్తానంది. ఆవిడ మాట సంగతి ముందే చెప్పాను.

వీరేందర్‌ని పట్టుకున్నాను. అతను చుట్టూ చూసి, టై వదులు చేసుకుని గొంతు తగ్గించాడు. "మీ ఇద్దరి ముఖాలైతే ఇగ నడవయ్ సార్. కొత్త ఫ్యామిలీలు కావాలె. ఆమె ముఖానికి మాస్కు పెడ్దం, కారు వెనక సీట్ల కూసోవెడ్దం. నేనేమనను. మా తాతది గూడ గా పక్క సర్వే నంబరుల్నే ఉండె. ఆయనను యాడ పెట్టిన్రో ఇప్పుడు నాకే తెల్వది. గాడ స్విమ్మింగ్ పూల్ అని గీసిన్రు." ఆ మాట అంటున్నంతసేపూ అతను నన్ను 'సార్' అని పిలిచింది ఒక్కసారే.

అందుకే ఈ వ్యాసం. మీరేదో నేను రియల్ ఎస్టేటు కంపెనీల దగ్గర కమీషను తిని రాస్తున్నాననుకుని ఉంటారు. కాదు. సొంత మొగుడి సమాధి దగ్గర కాసేపు కూర్చోవడానికి ఒక మనిషి కొనుగోలుదారు వేషం వేయాల్సిన ఊరికి నేను కాపురం మార్చాను. ఇక్కడ పుట్టినవాళ్లకు గేటు మూసి, ఎప్పటికీ వచ్చి ఉండనివాళ్లకు గేటు తీసే పేటలను రెండు నెలలపాటు ఏసీలో కూర్చుని, బిర్యానీ తింటూ చూశాను. నాకు కోపంగా ఉంది. నా మీద కూడా.

ఈసారి తెలివి తెచ్చుకుని పేర్లన్నీ మార్చాను. వెంచరు పేరు, ఆమె ఊరి పేరు, ఆమె పేరు, శంషాబాద్ తప్ప అన్నీ. కాబట్టి హెడ్డాఫీసువాళ్లు ఎంత శ్రద్ధగా చదివినా ఫర్వాలేదు.

మీతో పని ఉంది నాకు. శంషాబాద్ వైపు నుంచి ఫోనొచ్చి, 'సార్, మీరు కొనకండి, జస్ట్ వచ్చి చూడండి' అంటే కట్ చేయకండి. వస్తామనండి. ఏ వెంచరో కనుక్కుని ఈ పత్రిక చిరునామాకు ఒక్క ముక్క రాయండి. అది మాదో కాదో నేను చెప్తాను. మాదైతే కారులో ఒక సీటు ఎక్కువ అడగండి. ఎవరని అడిగితే మా అమ్మ అనండి. వాళ్లు వేరే కాగితమేమీ అడగరు. భోజనాల వేళకు ఆమె పళ్లెం పట్టుకుని పక్కకు వెళ్తుంది. అప్పుడు మీరు క్లబ్‌హౌస్ గురించి ఏదో ఒకటి అడుగుతూ ఉండండి. తెలియకపోయినా అడగండి. ఆమె లేచి చెప్పులు వేసుకునేదాకా ఎవరినీ అటువైపు రానివ్వకండి.